డ్రా చేసుకుంటే టైటిల్ దాదాపు ఖాయం.. అయినా గెలుపు కోసమే ఆడి ఓడిన నెబ్రాస్కా: 1984 ఆరెంజ్ బౌల్‌లో ఏం జరిగింది?

1984 జనవరి 2 రాత్రి, అమెరికాలోని మయామి నగరం. ఆరెంజ్ బౌల్ మ్యాచ్ ముగియడానికి ఇంకా 48 సెకన్లే ఉంది. స్కోరు: మయామి 31, నెబ్రాస్కా 30.

నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్‌బోర్న్ ముందు రెండు దారులున్నాయి. ఒక్క పాయింటు తెచ్చుకుంటే మ్యాచ్ డ్రా. రెండు పాయింట్లకు ప్రయత్నించి నెగ్గితే గెలుపు, విఫలమైతే ఓటమి. ఆయన రెండో దారే ఎంచుకున్నారు.

ఈ నిర్ణయం ఎంత పెద్దదో అర్థం కావాలంటే, అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్ చాంపియన్‌ను ఎలా తేల్చేవారో తెలియాలి.

ఓట్లతో తేలే చాంపియన్

అమెరికన్ ఫుట్‌బాల్ మన దగ్గర ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ ఆడతారు. బంతితో ప్రత్యర్థి గీత దాటితే అది టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత అదనపు పాయింట్లకు ఒక అవకాశం ఉంటుంది. బంతిని గోల్‌స్తంభాల మధ్య నుంచి తన్నితే ఒక పాయింటు. ఇది చాలావరకు గురి తప్పదు. అలా కాకుండా మూడు గజాల దూరం నుంచి మరోసారి గీత దాటితే రెండు పాయింట్లు.

అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్‌కు జాతీయ స్థాయి ఫైనల్ లేదు. సీజన్ చివర్లో మేటి జట్లను ‘బౌల్’ మ్యాచ్‌లకు ఆహ్వానించేవారు. అవి ముగిశాక క్రీడా విలేకరులు ఒక పోల్‌లో, కోచ్‌లు మరో పోల్‌లో ఓట్లు వేసి అగ్రస్థానం ఎవరిదో తేల్చేవారు. స్కోరు సమమైతే అదనపు సమయం కూడా ఉండేది కాదు. మ్యాచ్ డ్రాగానే ముగిసేది.

ఆ రోజు లెక్క

నెబ్రాస్కా 12 మ్యాచ్‌లలో 12 గెలిచి నంబర్ వన్‌గా వచ్చింది. మ్యాచ్‌కు సగటున 50కి పైగా పాయింట్లు సాధించిన జట్టు అది. రెండో స్థానంలోని టెక్సస్ ఆ పగలే జార్జియా చేతిలో 9-10 తేడాతో ఓడింది. అంటే డ్రా అయినా నెబ్రాస్కా ఓటమి లేని జట్టుగా మిగిలేది. ఓట్లు దానికే పడేవన్నది నాటి పరిశీలకుల్లో ఎక్కువమంది అంచనా.

మయామి అయిదో ర్యాంకు జట్టు. కానీ సొంత మైదానం. మొదటి సంవత్సరం ఆటగాడు బెర్నీ కోసర్ విసిరిన పాస్‌లతో తొలి క్వార్టర్‌లోనే 17-0 ఆధిక్యం సాధించింది. నెబ్రాస్కా 17-17కు చేరుకున్నా, మయామి మళ్లీ 31-17తో దూసుకెళ్లింది. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడిగా హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన మైక్ రోజియర్ గాయంతో తప్పుకోవడం నెబ్రాస్కాకు మరో దెబ్బ.

ఆయన స్థానంలో వచ్చిన జెఫ్ స్మిత్ చివరి క్వార్టర్‌లో రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. రెండోది నాలుగో ప్రయత్నంలో, అంటే అదే ఆఖరి అవకాశమైన సమయంలో, 24 గజాల పరుగు.

అప్పుడే ఆస్‌బోర్న్ రెండు పాయింట్లకు వెళ్లారు. టర్నర్ గిల్ స్మిత్‌ వైపు బంతి విసిరాడు. మయామి ఆటగాడు కెన్నీ కాల్హౌన్ చేతివేళ్లు తగిలి బంతి దారి తప్పింది. మయామి గెలిచింది. ఓట్లలోనూ అగ్రస్థానం దక్కించుకుని తొలిసారి జాతీయ చాంపియన్ అయింది.

నిర్ణయం తప్పా?

గెలవడానికి వచ్చి డ్రాతో కిరీటం పెట్టుకోవడం సరికాదన్నది ఆస్‌బోర్న్ వైఖరి. నైతికంగా ఆయన్ను తప్పుపట్టినవారు తక్కువ.

వ్యూహం మాటకొస్తే అసలు ప్రశ్న అంతకుముందు టచ్‌డౌన్ దగ్గరే ఉంది. 14 పాయింట్లు వెనుకబడిన జట్టు మొదటి టచ్‌డౌన్ తర్వాతే రెండు పాయింట్లకు ప్రయత్నించడం మేలని నేటి విశ్లేషకులు చాలామంది అంటారు. అది ఫలిస్తే, తర్వాతి టచ్‌డౌన్‌కు ఒక పాయింటు కిక్ కలిపితే గెలుపే. విఫలమైనా రెండోసారి ప్రయత్నించి డ్రాకు చేరే వీలుంటుంది. నెబ్రాస్కా మొదట కిక్‌తో సరిపెట్టుకుని, అసలు పందేన్ని చివరికి దాచుకుంది. అక్కడ విఫలమైతే సరిదిద్దుకునే సమయం లేదు.

ఆ తర్వాత నిబంధనలే మారాయి. 1996 సీజన్ నుంచి అన్ని మ్యాచ్‌లకూ అదనపు సమయం వచ్చింది. 2014 సీజన్ నుంచి ప్లేఆఫ్‌లతో చాంపియన్‌ను తేలుస్తున్నారు. ఆస్‌బోర్న్‌కు ఎదురైన సందిగ్ధం ఇప్పుడు ఏ కోచ్‌కూ అదే రూపంలో ఎదురుకాదు.

ఆయన మాత్రం జాతీయ టైటిల్ కోసం మరో 11 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 1995 జనవరి 1న అదే ఆరెంజ్ బౌల్‌లో, అదే మయామిపై 24-17తో గెలిచి దాన్ని అందుకున్నారు.