కుర్చీ అల్లిన చేతులు

ఉపాధ్యాయుని కుర్చీ మీద విద్యార్థులు ఎన్నో హాస్యాలు చెప్పుకొంటారు. ఆ కుర్చీని అల్లినవా డెవడని మాత్రం ఎవరూ అడగరు. పాత కళాశాలలలోను, కచేరీలలోను పేముతో అల్లిన కుర్చీలు ఉండేవి. మన దేశంలో వాటిలో అనేకం చూపులేనివారి చేతిపని.

ఆ పని ఎట్లా సాగుతుందో చూడండి. కొయ్య చట్రం చుట్టూ వరుసగా రంధ్రాలుంటాయి. పేము బద్దలను నీటిలో నానవేసి మెత్తబరుస్తారు. మొదట నిలువు వరుస, దానిపై అడ్డ వరుస. మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, ఈసారి పైకీ కిందికీ దూర్చుతూ. ఆపైన రెండు ఐమూల వరుసలు. చివరకు అంచు కట్టు. ఏడంచెలు ముగిసేసరికి ఎనిమిది కోణాల గళ్లు తేలుతాయి. రంధ్రాన్ని వెతికేది వేలికొన. వరుసను లెక్కించేది మనస్సు. బిగువు తెలిసేది చేతికి. ఇందులో కంటితోనే జరుగవలసిన పని ఎంత?

అయితే కాలం మారింది. ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. పేము కుర్చీ వెనుకబడింది. ఒక్క వృత్తినే నమ్ముకొన్న చేతులు ఏం కావాలి? 'అంధునికి అల్లిక, కుంటివానికి కుట్టుపని' అని ముందే గీత గీసి పెట్టడం న్యాయమా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతికే చోటు ఒకటి మన నగరంలోనే ఉన్నది. తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ప్రవేశించి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల సౌధాన్ని దాటి విద్యానగరం వైపు వెలువడితే శివం రోడ్డు వస్తుంది. వికలాంగుల కొరకు కేంద్ర ప్రభుత్వం 1968లో బొంబాయిలోను, హైదరాబాదులోను మొట్టమొదటి వృత్తి పునరావాస కేంద్రాలను నెలకొల్పింది. నేడు జాతీయ ఉపాధి సేవా కేంద్రమనే పేరుతో హైదరాబాదు కేంద్రం ఈ రోడ్డుమీదనే పనిచేస్తున్నది.

ఇటువంటి కేంద్రంలోని కర్మశాలకు వస్తువుల తయారీ ప్రధానం కాదు. వచ్చిన వ్యక్తి చేత పనిముట్టు పట్టించి, అతనికి ఏ పని నప్పుతుందో, ఏ శిక్షణ కావాలో తేల్చడం ప్రధానం. పోయిన అంగాన్ని కాదు, మిగిలిన శక్తిని కొలుస్తారు. వైద్యుని పత్రం లోటును చెబుతుంది. కర్మశాల బల్ల సామర్థ్యాన్ని చెబుతుంది.

శిక్షణ పొందినవానికి పని దొరకాలి గదా! 1995 నాటి చట్టం ప్రభుత్వోద్యోగాలలో వికలాంగులకు 3 శాతం కేటాయించగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దానిని 4 శాతానికి పెంచింది. కాని చట్టం తలుపు తెరువగలదే గాని, లోపలివారి చూపును మార్చలేదు. జాలిపడి కొన్నవాడు ఒక్కసారే కొంటాడు. కుర్చీ గట్టిగా ఉన్నదని కొన్నవాడు మళ్లీ వస్తాడు. పనివాడు కోరేది రెండవవానినే.

ఈ చూపు మారవలసిన మొదటి చోటు బడి. 40 శాతానికి తక్కువ కాని వైకల్యమున్న పిల్లలకు ఆరు నుండి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య ఆ 2016 చట్టమిచ్చిన హక్కు. కనుక ఉపాధ్యాయులారా, అటువంటి బాలుడు మీ తరగతికి వచ్చినప్పుడు 'పాపం' అని వెనుక బల్ల చూపకండి. 'నీవేమి చేయగలవు?' అని అడగండి. ఆ ప్రశ్నతోనే అతని కర్మశాల తెరుచుకొంటుంది.