లోపలి టైరుకి గాలి ఎవరు చూస్తారు?

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, ట్రుగనినాల్లో ఉండే తెలుగువాళ్ళనగానే అందరికీ ఐటీ ఉద్యోగాలే గుర్తొస్తాయి. కానీ ట్రక్కులు నడిపేవాళ్ళూ మనలో ఉన్నారు. మావారు వాళ్ళలో ఒకరు. తెల్లవారుజామున ఆయన బయల్దేరేటప్పుడు డబ్బాలో అన్నం సర్ది ఇస్తూ నేనడిగే మాట ఒకటుంది: "లోపలి టైర్లలో గాలి చూసుకున్నారా?"

లోపలి టైర్లేమిటి అంటారా? మన ఊళ్ళో పది టైర్ల లారీని గుర్తుచేసుకోండి. ముందు రెండు, వెనక రెండు ఇరుసులకి కలిపి ఎనిమిది. బరువు మొయ్యడానికి ఇరుసుకి అటూ ఇటూ రెండేసి చక్రాలు జంటగా బిగిస్తారు. అంటే ఆ ఎనిమిదిలో నాలుగు లోపల దాక్కుంటాయి. ఇక్కడి హైవేల మీద తిరిగే తొమ్మిది ఇరుసుల బీ-డబుల్ ట్రక్కుకి 34 టైర్లు. వాటిలో 16 లోపలివే.

ఆ లోపలి టైరుకి గాలి చూడాలంటే బయటి చక్రానికున్న కంతలోంచి చెయ్యి దూర్చి, తడుముకుంటూ వాల్వ్ మూత తీసి, గేజ్ పెట్టి, మళ్ళీ మూత బిగించాలి. చలికాలం చీకట్లో, బురద పట్టిన చక్రాల మధ్య పదహారు సార్లు! అందుకే కొందరు టైరుని కర్రతో కొట్టి, శబ్దం విని సరిపెట్టుకుంటారు. మన లారీ క్లీనర్లు రాడ్డుతో కొట్టి చూసేదీ ఇదే. గాలి పూర్తిగా పోయిన టైరు ఆ దెబ్బకి దొరుకుతుంది. 100 పీఎస్ఐ ఉండాల్సిన చోట 80 ఉంటే మాత్రం చెవికి తెలియదు. కానీ 20 శాతం గాలి తగ్గిన టైరుని పంక్చరైన టైరుగానే చూడాలని టైర్ల పనివాళ్ళు చెబుతారు. అలా తిరిగిన టైరుని విప్పి పరీక్షించకుండా మళ్ళీ గాలి కొట్టకూడదు. పక్క గోడలో తీగలు దెబ్బతిని ఉంటే గాలి కొడుతుండగానే పేలిపోవచ్చు.

బీఎస్సీలో చదివిన ఫిజిక్స్ ఇక్కడ పనికొచ్చింది. జంటలో ఒక టైరు కుంగితే దాని బరువు కూడా పక్కదే మోస్తుంది. రెండూ ఒకే ఇరుసుకి బిగించినవి కాబట్టి ఒకే వేగంతో తిరగక తప్పదు. సైజు తగ్గిన టైరు రోడ్డుని రాసుకుంటూ అరిగిపోతుంది. పక్క గోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతూ, ఇనప తీగని అటూ ఇటూ వంచినట్టే, వేడెక్కుతాయి. చివరికి టైరు పేలుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా.

ట్రక్కు ఆగకూడని చోట ఆగితే ఏమవుతుందో మెల్‌బోర్న్‌కి తెలుసు. 2007 మార్చి 23న బర్న్‌లీ సొరంగంలో టైరు పోయి ఒక ట్రక్కు ఆగింది. వెనక వచ్చిన వాహనాలు గుద్దుకుని మంటలు లేచాయి. ముగ్గురు చనిపోయారు.

ఇంతకీ పరిష్కారం ఏమిటంటే, వాల్వ్‌ని చేతికందే చోటికి తేవడమే. మొదటి పద్ధతికి ఖర్చే లేదు. చక్రాలు బిగించేటప్పుడు రెండు వాల్వ్‌లూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురు దిక్కున, 180 డిగ్రీల తేడాతో ఉండేలా చూస్తే ఒక్కోటి ఒక్కో కంతలోంచి విడిగా అందుతుంది.

రెండోది ఎక్స్‌టెన్షన్. లోపలి వాల్వ్‌కి చిన్న గొట్టం తగిలించి బయటికి తెస్తారు. గట్టి లోహపు గొట్టాలున్నాయి, స్టీలు తీగ అల్లిన మెత్తటివీ ఉన్నాయి. ఏది వేసినా దాని కొసని బయటి చక్రానికి గట్టిగా పట్టి ఉంచాలి. ఎందుకంటే గంటకి 100 కిలోమీటర్ల వేగంలో, అర మీటరు వ్యాసార్థమున్న టైరు సెకనుకి దాదాపు 9 చుట్లు తిరుగుతుంది. ఇరుసు నుంచి పావు మీటరు దూరంలో ఉన్న వస్తువు మీద దాని బరువుకి సుమారు 80 రెట్ల బలం పనిచేస్తుంది. 50 గ్రాముల ఎక్స్‌టెన్షన్ నాలుగు కిలోల బరువులా లాగుతుందన్నమాట. ఊగులాడితే వదులై, గాలి పోయేది అక్కడే. బిగించాక కీళ్ళ దగ్గర సబ్బు నురగ రాసి చూడమనండి. మన ఇళ్ళల్లో గ్యాస్ పైపుకి చూసుకునే పద్ధతే.

మూడోది కొంచెం ఖరీదు. జంట టైర్లని గొట్టాలతో కలిపి రెండింట్లోనూ గాలి సమానంగా ఉంచే పరికరాలు వస్తున్నాయి. రెండిటికీ ఒకే చోట గాలి కొట్టొచ్చు. ప్రెషర్‌ని క్యాబిన్‌లోనే చూపించే సెన్సర్లూ ఉన్నాయి.

ఇదంతా మగవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. సొంత ట్రక్కు కొన్న కొన్ని కుటుంబాల్లో కంపెనీ పెట్టి భార్యని డైరెక్టర్‌గా చూపిస్తారు. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్‌లతో సహా ఎక్కువ రాష్ట్రాల్లో అమలవుతున్న హెవీ వెహికల్ నేషనల్ లా ప్రకారం ట్రక్కు భద్రత డ్రైవర్ ఒక్కడి బాధ్యత కాదు. 2018 అక్టోబర్ నుంచి కంపెనీ నడిపించేవాళ్ళు కూడా భద్రత విషయంలో తగినంత జాగ్రత్త తీసుకోవాలి. కాగితం మీద మీ పేరుంటే ఆ వాల్వ్ మీదీ.

కాబట్టి ఈసారి టైర్లు మార్పించినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. వాల్వ్‌లు ఎదురెదురుగా బిగించారా? ఎక్స్‌టెన్షన్ కదలకుండా పట్టి ఉందా? బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, లోపలి టైర్లకి కూడా గేజ్ పెట్టి చూస్తున్నారా? ట్రక్కు వేరేవాళ్ళదైతే ఎక్స్‌టెన్షన్లు వెయ్యమని యజమానిని అడగమనండి. అడగడం మీవారి హక్కే.