పాత కంప్యూటర్‌కు నాడి పరీక్ష: క్లాక్ లోపాన్ని గుర్తించడమెలా?

1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానాన్ని ప్రకటించిన తరువాత దేశంలో పర్సనల్ కంప్యూటర్ల తయారీ ఊపందుకుంది. ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ ఆ వ్యాపారానికి ప్రధాన కేంద్రంగా ఎదిగింది. ఆనాటి యంత్రాలలో అనేకం 1981 నాటి ఐబీఎం పీసీ నమూనాను అనుసరించినవే. వాటి మదర్‌బోర్డు పలకకపోతే సీలంపూర్ తుక్కు దుకాణాలకు చేరే ప్రమాదం ఉంది. అక్కడ లోహాల కోసం బోర్డులను విడగొడతారు. అయితే లోపం కొద్ది రూపాయల క్రిస్టల్‌లోనే ఉండవచ్చు.

ప్రాసెసర్ చేసే ప్రతి పనికీ తాళం వేసేది క్లాక్ సంకేతం. ఐబీఎం పీసీలో 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. 8284 అనే చిప్ దానిని మూడుతో భాగించి, 8088 ప్రాసెసర్‌కు 4.77 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని అందిస్తుంది. టర్బో బోర్డులలో అధిక వేగానికి మరొక క్రిస్టల్ కూడా ఉండవచ్చు.

పరీక్షకు ఒక క్రమం ఉంది. మొదట 8284 చిప్ 18వ పిన్ వద్ద 5 వోల్టులు అందుతున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడాలి. తరువాత ఆసిలోస్కోప్ ప్రోబ్‌ను 10ఎక్స్ స్థానంలో ఉంచి 12వ పిన్‌ను పరిశీలించాలి. నేరుగా క్రిస్టల్ కాలిని తాకరాదు. ప్రోబ్ భారానికి సక్రమమైన డోలనం సైతం ఆగిపోవచ్చు.

12వ పిన్ వద్ద 14.318 మెగాహెర్ట్జ్ సంకేతం లేకపోతే క్రిస్టల్‌ను, దానికి అనుబంధమైన కెపాసిటర్లను, టంకపు అతుకులను అనుమానించాలి. అక్కడ సంకేతం ఉండి, 8వ పిన్ వద్ద 4.77 లేకపోతే చిప్ చెడి ఉండవచ్చు, లేదా ఆ తీగ ఎక్కడో షార్ట్ అయి ఉండవచ్చు. ఆసిలోస్కోప్ లేనివారికి మల్టీమీటర్ కొంత తోడ్పడుతుంది. 8వ పిన్ వద్ద కదలని 0 లేదా 5 వోల్టులు కనిపిస్తే క్లాక్ ఆగినట్లే. నడుస్తున్నప్పుడు మధ్యస్థ విలువ కనిపిస్తుంది. కాని దానితో వేగం తెలియదు.

క్లాక్ సవ్యంగా ఉన్నా యంత్రం మేల్కొనకపోతే 10వ పిన్‌లోని రీసెట్ సంకేతాన్ని చూడాలి. స్విచ్ వేసిన క్షణంలో అది పైకి లేచి, వెంటనే కిందికి దిగాలి. పైనే నిలిచిపోతే పవర్ సప్లై నుంచి ‘పవర్ గుడ్’ సంకేతం రావడం లేదేమో పరిశీలించాలి. ఆ పవర్ సప్లై పెట్టెను మాత్రం అనుభవం లేనివారు తెరవరాదు. ప్లగ్ తీసిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

రీసెట్ కూడా సక్రమమని తేలితే, మెమరీ, బయాస్ చిప్‌ల వైపు దృష్టి మళ్లించాలి. ఏ భాగాన్ని మార్చినా ముందుగా విద్యుత్తును పూర్తిగా తొలగించడం తప్పనిసరి.