పట్టిక నుండి ఆబ్జెక్టు లోనికి

కెనడాలో ఒషావా కార్ల నగరంగా పేరు గడించింది. జనరల్ మోటార్స్ ఆఫ్ కెనడా 1918లో అక్కడే ఏర్పడింది. ఒకే నమూనా ననుసరించి వేలాది వాహనాలు తయారైనట్లు, కంప్యూటర్ ప్రోగ్రామింగులో 'క్లాస్' అనే నమూనా నుండి ఎన్నో 'ఆబ్జెక్టులు' రూపొందుతాయి. వాహనానికి రంగు, ఇంజను ఉన్నట్లే ఆబ్జెక్టుకు ధర్మాలుంటాయి, వీటిని ప్రాపర్టీలంటారు.

ఒషావా ఉన్న ఒంటారియో రాష్ట్రంలోనే వాటర్లూ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ 1993లో పట్టభద్రుడైన రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో పీహెచ్‌పీని లోకానికందించాడు. ఇందులో వెబ్ దరఖాస్తు నింపి పంపగానే వివరాలన్నీ 'అర్రే'గా, అంటే గడి పేరు, దాని విలువ జంటలుగా గల పట్టికగా, ప్రోగ్రాము చేతికి వస్తాయి.

ఒక తెలుగు సంఘపు సభ్యత్వ దరఖాస్తునే తీసుకుందాం. 'సభ్యుడు' అనే క్లాసుకు పేరు, ఊరు, ఫోను, హోదా అనే ప్రాపర్టీలున్నాయి. దరఖాస్తులో మొదటి మూడు గడులే ఉన్నాయి. హోదాను నిర్ణయించేది కార్యవర్గం. ఒక్కొక్క విలువకు ఒక్కొక్క వాక్యం వ్రాయడం విసుగు పుట్టించే పని. అందుచేత ప్రోగ్రామరు, ఆబ్జెక్టు పుట్టినప్పుడే నడిచే 'కన్‌స్ట్రక్టర్'లో చిన్న లూప్ వ్రాస్తాడు: పట్టికలోని ప్రతి పేరునూ చదివి, అదే పేరుగల ప్రాపర్టీలో దాని విలువను ఉంచమని. ముచ్చటైన ఉపాయమే!

అయితే తెరపై మూడు గడులే కనిపించినా, తుంటరి ఒకడు నాలుగవ జంటగా 'హోదా, కోశాధికారి' అని చేర్చి పంపగలడు. లూప్‌కు విచక్షణ లేదు. సంఘానికి తెలియకుండానే కొత్త కోశాధికారి వెలుస్తాడు. ఆ పేరుగల ప్రాపర్టీ ఉన్నదా అని మాత్రమే పరీక్షించి తృప్తిపడేవారున్నారు. హోదా ఉన్నదే గదా!

ఇది ఊహామాత్రం కాదు. 2012 మార్చిలో ఎగోర్ హొమకోవ్ అనే రష్యన్ యువకుడు గిట్‌హబ్‌లో తన తాళంచెవిని నమోదుచేసే దరఖాస్తుకు, తనది కాని ఖాతా సంఖ్యను జోడించి పంపాడు. దానితో 'రైల్స్' బృందపు ప్రోగ్రాముల భాండాగారంలో వ్రాసే అధికారం అతనికి చేజిక్కింది. లోపాన్ని నిరూపించడమే అతని ఉద్దేశం. మరుసటి ఏడు వెలువడిన రైల్స్ నాలుగవ కూర్పులో, అనుమతించిన పేర్లను ముందుగా పేర్కొనే పద్ధతి ప్రవేశించింది.

పీహెచ్‌పీలోనూ అనుమతించిన పేర్ల జాబితా వ్రాసుకొని, లూప్‌ను పట్టికపై కాక ఆ జాబితాపై నడపడమే క్షేమం. 2020లో వచ్చిన 8.0 కూర్పు మరొక మార్గం చూపింది. కన్‌స్ట్రక్టర్ పేరు, ఊరు, ఫోనులను మాత్రమే కోరేటట్లు వ్రాసి, పట్టికను విడదీసి అందిస్తే, పేర్లు వాటంతటవే జతపడతాయి. కోరని 'హోదా' ఎదురైతే ప్రోగ్రాము దోషం ప్రకటించి అక్కడే ఆగిపోతుంది.