కారు మనది... బ్యాటరీ అద్దెది!

‘పది లక్షలకే విద్యుత్తు కారు!’ గాజువాకలోని ఓ మధ్యతరగతి ఇంట్లో ఈ ప్రకటన కంటబడిందనుకోండి. ఇక పెట్రోలు బాధ ఉండదని నాన్న, ఆదివారాలు భీమిలి వెళ్లొచ్చని పిల్లలు. ‘ఆ కిందున్న చిన్న అక్షరాలు కూడా చదవండర్రా’ అంటారు తాతయ్య. అసలు లెక్క ఉన్నది అక్కడే మరి.

2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ రాకతో ఈ పద్ధతి మనదగ్గర అందరి నోటా పడింది. అప్పటి షోరూము ధర ప్రకారం బ్యాటరీ లేకుండా కారు 9.99 లక్షలు. బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె. బ్యాటరీతో సహా కొనేస్తే 13.50 లక్షలు. తేడా మూడున్నర లక్షలే కాబట్టి లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి అద్దె, ధర సమానమైపోతాయి.

కానీ అంత తిరిగేదెవరు? గాజువాక నుంచి జగదాంబ కూడలికి వెళ్లి రావడం... రోజుకు ముప్ఫై చొప్పున పాతిక రోజులకు 750 కిలోమీటర్లు. అద్దె మాత్రం కనీసం 1500 కిలోమీటర్లకు కట్టాలన్నది షరతు. అంటే నెలకు 5,250 రూపాయలు. తిరిగిన దూరంతో భాగిస్తే కిలోమీటరుకు ఏడు రూపాయలు!

దీనికి కరెంటు అదనం. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లనుకున్నా నెలకు 125 యూనిట్లు. ఇంట్లో అప్పటికే 300 కాలుతుంటే ఇవన్నీ పై శ్లాబుల్లోకే వెళ్తాయి. 2022 నాటి టారిఫ్‌లో 226 నుంచి 400 వరకూ యూనిట్ 8.75, ఆపైన 9.75. కిలోమీటరుకు రూపాయిన్నర పడుతుంది. మొత్తం ఎనిమిదిన్నర! లీటరు 108 రూపాయలు, మైలేజీ పదిహేను అనుకుంటే పెట్రోలు కారుకయ్యేది ఏడు పైచిలుకే.

అలాగని కొనడం ఊరికే రాదు. ఆ మూడున్నర లక్షలకు తొమ్మిది శాతం వడ్డీతో అయిదేళ్ల అప్పు తీసుకుంటే నెలకు దాదాపు 7,265 రూపాయలు, మొత్తం 4.36 లక్షలు. అద్దె ఆ మొత్తానికి చేరడానికి ఏడేళ్లు పడుతుంది. అప్పటికీ బ్యాటరీ మనది కాదు. పదేళ్లు అదే కారు వాడే ఇంటికి కొనుక్కోవడమే మేలు.

రెండు మూడేళ్లకు బదిలీ అయ్యే నౌకాదళ కుటుంబాల సంగతి వేరు. వాళ్లకు బ్యాటరీ ఒక్కటే కాదు, మొత్తం కారునే లీజుకు తీసుకోవడం నయం. బీమా, సర్వీసింగు సాధారణంగా అద్దెలోనే కలిసి ఉంటాయి, పాత కారు అమ్ముకునే తలనొప్పి ఉండదు. గడువుకు ముందే తిరిగిచ్చేస్తే మాత్రం జరిమానా తప్పదు. పన్ను సంగతీ చూడాలి. విద్యుత్తు వాహన రుణాల వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు 2023 మార్చి 31లోపు మంజూరైనవాటికే పరిమితం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు ఇది. కారు నీట మునిగితే అద్దె బ్యాటరీ నష్టం ఎవరు భరించాలి? సంతకానికి ముందు ఆ ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోమంటారు, అనుభవమున్నవాళ్లు.