చెమ్మ, వేడి, బూజు: కర్షకుని దేహరక్షణము

వరికి అగ్గితెగులు గాని పొడతెగులు గాని సోకినచో మన రైతులు గట్టుమీదనుండియే గుర్తింపగలరు. ఇవి బూజుజాతి సూక్ష్మజీవుల వలన కలుగునవి. శాస్త్రజ్ఞులు వీనిని శిలీంధ్రములందురు. చెమ్మయు వేడియు కలిసిన దినములలో ఇవి ప్రబలునని అనుభవము వలన మనమెఱుగుదుము. అయితే ఈ జాతిలోనివే మఱికొన్ని మనుష్యుని కంటిని, చర్మమును, గాయమును పట్టి పీడించునని మనలో పెక్కండ్రకు తెలియదు. ఒకవైపు సముద్రము, వేఱొకవైపు ఉప్పుటేరు, నడుమ పల్లపు చేలు గల భావనపాడు ప్రాంతమువారికి ఈ సంగతి అత్యావశ్యకము గాన ఈ నెల ప్రస్తావించుచున్నాము.

కాలము మాఱుచున్నది. 1850-1900 నాటికంటె 2011-2020 దశాబ్దమున భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు హెచ్చినది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 వంతులు అధికముగ నీటియావిరిని ధరింపగలదు. సముద్రజలము వెచ్చనగుటచే తుఫానులకు బలము చేకూరును. ఇట్లు బూజునకు అనుకూలమగు దినములు పెరుగును. మఱొక శంకయు కలదు. మనుష్యదేహపు వేడి 37 డిగ్రీలు. పెక్కు శిలీంధ్రములు దీని కోర్వలేవు. ఇది మనకు ప్రకృతి యొసగిన కోటగోడ. లోకము వేడెక్కినకొలది కొన్ని శిలీంధ్రములు ఈ వేడికి అలవాటుపడునేమోయని శాస్త్రజ్ఞులు ఊహించుచున్నారు. అది యింకను నిరూపితము కాలేదు.

కర్షకునకు మిక్కిలి సమీపమున నున్న అపాయము కంటికి. కోతలయందు వరియాకు కొస తగిలినను, నూర్పిళ్ళలో పొల్లు పడినను, నల్లగ్రుడ్డుపై సన్నని గీత యేర్పడును. ఆ గీతగుండ ఆకుమీది బూజు లోని కేగును. దక్షిణ భారతమున సూక్ష్మజీవుల వలన నల్లగ్రుడ్డుపై కలుగు పుండ్లలో దాదాపు సగము శిలీంధ్రముల వలననే కలుగుచున్నవి. మొదట కొంచెము గరగర, ఎఱుపు, నీరు కారుట మాత్రమే యుండును. పిమ్మట తెల్లని మచ్చ కనబడును. ఆలస్యమైనచో పువ్వు మిగిలి చూపు పోవును. ఒక్కొక్కప్పుడు కన్నే పోవును.

ఇచ్చట రెండు పొరపాట్లు జరుగుచున్నవి. మొదటిది ఆకుపసరు, చనుబాలు మున్నగునవి కంట పోయుట. రెండవది మందులదుకాణమున అడిగి స్టిరాయిడు చుక్కలు తెచ్చి వేసికొనుట. ఈ చుక్కలు ఎఱుపును తగ్గించి నెమ్మదించినట్లు భ్రమ గొల్పును. లోపల బూజు మాత్రము బలియును. వైద్యుడు పుండునుండి ఇసుమంత గీకి సూక్ష్మదర్శినితో చూచినచో బూజుపోగులు కనబడును. దీనికి నాటామైసిన్ చుక్కలు కలవు. మన దేశమున జరిగి 2013లో ప్రకటింపబడిన పరీక్షలో, క్రొత్తదగు వొరికొనజోల్ చుక్కలకంటె ఈ పాత మందే మేలని తేలినది. వీనిని వారములకొలది విడువక వేయవలెను.

ఇక చర్మము. దమ్ములలోను ఊడ్పులలోను దినమంతయు తడిసిన కాలివ్రేళ్ళ సందులు పాయును. గజ్జలలో తామర వ్యాపించును. స్టిరాయిడు కలిపిన పూతమందులు పూసినచో దురద తగ్గును గాని తామర ముదిరి, తరువాతి మందులకు లొంగదు. పని ముగిసినతోడనే కాళ్ళు కడిగి పొడిగా తుడిచికొనుట, తడిబట్ట మార్చుట, ఒకరి తువాలు మఱొకరు వాడకుండుట ఖర్చులేని చికిత్సలు.

తుఫాను గాయము లొక ప్రత్యేక విషయము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడిని కూల్చినది మనము మఱువలేదు. కూలిన చెట్లను నఱకి తీయునపుడు మట్టి, కఱ్ఱపొట్టు గాయములలో చేరును. అమెరికాలోని జాప్లిన్ పట్టణమున 2011 మే నెలలో సుడిగాలి వీచిన పిమ్మట ఇట్టి గాయములలో బూజు చేరి 13 మందికి రోగము కలుగగా ఐదుగురు మరణించిరి. 2021లో కోవిడుతోపాటు మన దేశమున చెలరేగిన నల్లబూజు రోగము ఈ వర్గములోనిదే. మధుమేహము గలవారికి అది మఱింత ప్రమాదకరము. కావున తుఫాను వెనుక ఎంత చిన్న గాయమైనను శుభ్రమైన నీటితో కడిగికొని, చుట్టును నలుపెక్కినను, నొప్పి పెరిగినను ఆసుపత్రికి పోవలెను.

తుదకు మన చేతిలోని సంగతి యొకటి. పొడతెగులునకు మనము చల్లు హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ మందులును, రోగులకు వైద్యులిచ్చు ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ మందులును ఒక్క కుటుంబములోనివి. ఈ కుటుంబపు మందులకు లొంగని ఆస్పర్జిల్లస్ బూజు మన దేశపు నేలలలో కలదని 2012లో ఢిల్లీ పరిశోధకులు ప్రకటించిరి. తెగులు లేకయే మందు చల్లుటయు, మోతాదు మీఱుటయు సొమ్మునకు మాత్రమే గాక ఔషధబలమునకును చేటు.

సంఘములు ఎరువులతోపాటు కోతల కాలమున కండ్లద్దములను, తుఫాను దినములకు టార్పాలినులను నిలువయుంచి సభ్యులకు చవుకగ నీయవచ్చును. సభ్యులు తమ వంతుగా ఒక్క నియమము పాటింపవలెను: పొలమున కంటికి దెబ్బ తగిలి, మఱునాటికి ఎఱుపు తగ్గనిచో ఆనాడే టెక్కలి ప్రభుత్వాసుపత్రికి పోవలెను. పోయిన పంట మఱుసటి యేట పండింపవచ్చును. పోయిన చూపు మరల రాదు.