మరపడవ ఇంజను ఆయిలులో నీరు: అపోహలు – వాస్తవాలు

తూర్పు తీరమున ఏటేటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, మరపడవల వేట నిషిద్ధమై యుండుటచేత విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్నము, నిజాంపట్నము రేవులలో బోట్లు బారులు తీరి నిలిచియుండును. ఆ విరామము ముగిసి, వలలు సవరించుకొని, ఐసు నింపుకొని మరల సముద్రము మీదికి పోవు తరుణమున డ్రైవరు డిప్‌స్టిక్కు పైకి తీసి చూడగా, ఆయిలు తన సహజమైన నలుపును విడిచి, పాలు ఎక్కువైన కాఫీవలె కనిపించుట అరుదైన సంగతి కాదు. అంతట రేవులో తలకొక మాట పుట్టును. హెడ్డు విప్పుమని ఒకరు, ఆయిలు మార్చినచో సరిపోవునని మరియొకరు, ఒక గంట నడిపినచో అదియే ఆరిపోవునని వేరొకరు చెప్పుదురు. ఇందు సత్యాంశము కొంత లేకపోలేదు గాని అపోహలే అధికము. వాని మూలమున అనవసరమైన మరమ్మతునకు ధనము వ్యయమగుటయు, అవసరమైన మరమ్మతు ఆలస్యమగుటయు ఏకకాలమున సంభవించుచున్నవి. తీరమునకు బహుదూరమున ఇంజను బిగిసిపోయినచో అది బోటు యజమాని నష్టముతో తీరునది కాదు. బోటులోని వారి ప్రాణములకు సంబంధించినది. కావున ఆయిలులో నీరు కలదా యను ప్రశ్నతో ఆగిపోక, అది ఏ నీరు, ఏ త్రోవను వచ్చినది యని విచారించుటయే సరియైన నిదానము.

అపోహ: ఆయిలు తెల్లబడలేదు గనుక అందులో నీరు లేదు.

వాస్తవము: ఆయిలు కొద్దిపాటి నీటిని తనలో కరిగించుకొని పైకి ఏ మార్పును చూపదు. ఆ హద్దు దాటిన పిదప మసకబారును. ఇంకను హెచ్చినచో తెల్లబడును. కట్టకడపట నీరు వేరై సంపు అడుగునకు చేరును. మసితో నల్లబడిన డీజిలు ఇంజను ఆయిలులో ఆ తొలి మసక కంటికి ఆనదు. నీరు నూటికి 0.2 పాళ్లు మించినచో ఆయిలు ఉపయోగమునకు తగదని సాధారణముగా ఎంచుదురు. 20 లీటర్ల ఆయిలులో ఇది కేవలము 40 మిల్లీలీటర్లు. సీసాలో పోసి ఒక రాత్రి నిలువ ఉంచగా నీరు అడుగున తేరలేదని నిశ్చింతగా ఉండుటయు తగదు. మసిని తేల్చి యుంచుటకై ఇంజను ఆయిలులో కలిపిన ద్రవ్యములే నీటి బిందువులను సైతము అడుగంటనీయక పట్టియుంచును.

రేవులోనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. మందపాటి ఇనుప రేకును సుమారు 150 డిగ్రీల సెల్సియసు వరకు వేడిచేసి, సీసాలోని ఆయిలును బాగుగా కుదిపి, ఒక్క బొట్టు దానిపై విడువవలెను. నీరు లేని ఆయిలు చప్పుడు లేక పలుచగా పరచుకొనును. నీరున్నచో బొట్టు నడుమ సన్నని బుడగలు లేచును. నీరు హెచ్చైన కొలది చిటపటలాడి ఎగిరిపడును. వేయింట ఒక పాలు నీరున్నను ఈ పరీక్ష సామాన్యముగా పట్టగలదు. కంటికి అద్దములు ధరింపక మాత్రము దీనిని చేయరాదు. ఇది నీటి ఉనికిని తెలుపునే కాని పరిమాణమును తెలుపదు. పరిమాణము కావలసినచో 1935లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ ఫిషర్ ప్రకటించిన పద్ధతిని ప్రయోగశాలలో అనుసరించుదురు.

అపోహ: ఆయిలు పోయు మూత క్రింద తెల్లని జిగట కనబడినచో హెడ్ గాస్కెట్టు పోయినట్లే.

వాస్తవము: ఒక లీటరు డీజిలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున జనించును. ఆ పొగలో స్వల్పభాగము పిస్టను రింగులను దాటి క్రాంకుకేసులోనికి దిగును. ఇంజను తగినంత వేడెక్కకమునుపే ఆపివేయు అలవాటున్నచోట ఆ ఆవిరి చల్లని మూతకు తగిలి నీరై, ఆయిలుతో కలిసి జిగటగా మారును. మూతను శుభ్రముగా తుడిచి, ఇంజనును బరువు మీద నడిపి, నీటి వేడి 80 డిగ్రీల ప్రాంతమున కొంతసేపు నిలిపి, మరల చూడవలెను. డిప్‌స్టిక్కు మీది ఆయిలు స్వచ్ఛముగా నుండి, మట్టము మారక, జిగట తిరిగి రానిచో హెడ్డు విప్పవలసిన పని లేదు.

అపోహ: సంపులోనికి నీరు వచ్చు త్రోవ హెడ్ గాస్కెట్టు ఒక్కటియే.

వాస్తవము: ఆయిలు కూలరు గొట్టము చిల్లిపడుట, లైనరు అడుగునున్న రబ్బరు రింగులు చెడుట, నీటి పంపు సీలు అరుగుట, హెడ్డు బీటవారుట, ఇవన్నియు త్రోవలే. ఒక్కొక్క దానికి ఒక్కొక్క లక్షణము కలదు. హెడ్ గాస్కెట్టు దహనస్థానమున తెగినచో నీటి తొట్టిలో బుడగలు ఎడతెగక లేచును, తెల్లని ఆవిరిపొగ వెలువడును. ఆయిలు కూలరు సంగతి వేరు. ఇంజను నడుచునపుడు ఆయిలు పీడనము నీటి పీడనముకంటె చాల ఎక్కువ; కావున ముందు ఆయిలే నీటిలోనికి పోవును. ఇంజను ఆగి ఆయిలు పీడనము శూన్యమైన పిదప నీరు ఆయిలులోనికి చొచ్చును. అందుచేత నీటి తొట్టిలో నూనె తెట్టు కనబడి, మరునాటి ఉదయమున ఆయిలు మట్టము పెరిగియున్నచో మొదట అనుమానింపవలసినది కూలరునే. దానిని విప్పి, ఆయిలు వైపు ఒక కొనను మూసి, రెండవ కొనకు గాలి పట్టించి నీటిలో ముంచినచో బుడగలు చిల్లి చోటును చూపును.

లైనరు రింగుల దోషమును పట్టుటకు అనుభవజ్ఞులైన మెకానిక్కులు ఒక చక్కని ఉపాయము చేయుదురు. సంపు విప్పి, క్రాంకు క్రింద పాత వార్తాపత్రికలు పరచి, నీటి మార్గమునకు ఒక బారు మేరకు పీడనము పెట్టి కొన్ని గంటలు విడిచెదరు. కాగితము ఏ సిలిండరు క్రింద తడిసినదో, చుక్క లైనరు వెలుపలి అంచు వెంట దిగుచున్నదో, లోపలి గోడ మీదుగా దిగుచున్నదో చూచినచో సందేహము తీరును. వెలుపలి అంచున దిగునది రింగుల దోషము. లోపలి నుండి దిగునది గాస్కెట్టు, హెడ్డు లేదా లైనరు గోడకు సంబంధించినది. ఇంత తెలియకయే హెడ్డు విప్పుట వ్యర్థప్రయాస.

అపోహ: ఇంజను నడువనిదే నీరు చేరదు.

వాస్తవము: నిలిచియున్న బోటుకే కొన్ని ప్రమాదములు అధికము. నిలువు పొగగొట్టమునకు మూత లేనిచో వాననీరు తెరచియున్న ఎగ్జాస్టు వాల్వు గుండ సిలిండరులోనికి దిగును. పొగగొట్టములోనికి సముద్రజలమును చిమ్ము ఏర్పాటు గల పడవలలో, గాలి వాల్వు ఉప్పుతో మూసికొనిపోయినచో, ఇంజను ఆగిన పిదపను నీరు తనంతట తానే లోనికి లాగబడును. స్టార్టరును పదేపదే త్రిప్పినను ఇంజను అందుకొననపుడు పంపు నీటిని తోడుచునే యుండును. దానిని వెలికి నెట్టు పొగ యుండదు. నీరు సంపీడనమునకు లొంగదు గనుక, సిలిండరు నిండి యుండగా బలవంతముగా త్రిప్పినచో కనెక్టింగు రాడ్డు వంగును. దీర్ఘవిరామము తరువాత ఇంజెక్టర్లు తీసి, చేతితో క్రాంకు త్రిప్పి చూచుట క్షేమము.

అపోహ: ఆయిలు మట్టము పెరిగినదనగా నీరు చేరినట్లే.

వాస్తవము: డీజిలు చేరినను మట్టము పెరుగును. అయితే డీజిలు ఆయిలును తెల్లబరుపదు; పలుచబరచును, వాసన ఇచ్చును. అప్పుడు వెదకవలసినది ఇంజెక్టరునో, డీజిలు పంపు సీలునో గాని నీటి మార్గమును కాదు. మట్టము తగ్గలేదని సంతసించుటయు పొరపాటే. కొంత ఆయిలు ఖర్చగుచుండగా తగ్గవలసిన మట్టము నిలకడగా నున్నదన్నను విచారింపవలసినదే.

అపోహ: వేడిచేసి నడిపినచో నీరు ఆవిరియగును, కాకున్న ఒకసారి ఆయిలు మార్చినచో చాలును.

వాస్తవము: మూత క్రింది చెమ్మకు మాత్రమే ఇది వర్తించును. ఒక కిలోగ్రాము సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణము కలదు. నీరు ఆవిరియైనను లవణము బేరింగుల మీద నిలిచి లోహమును తినును. కూలెంటులోని గ్లైకాలును అట్లే పోవునది కాదు. అందుచేతనే ఏ నీరో తెలిసికొనుట ముఖ్యము. ఆయిలు నమూనాను స్వేదనజలముతో కుదిపి, తేరిన నీటిలో కొద్దిగా సజల నత్రికామ్లమును, పిదప వెండి నైట్రేటు చుక్కలను వేసినచో, సముద్రజలమునకు చిక్కని తెల్లని అవక్షేపము ఏర్పడును. సామాన్యమైన బావినీటికి స్వల్పమైన మసకయే వచ్చును. ప్రయోగశాల పరీక్షలో సోడియము, మెగ్నీషియము కలిసి పెరిగినచో సముద్రజలమును, సోడియముతో పొటాషియము, గ్లైకాలు కనబడినచో కూలెంటును అనుమానించుదురు.

సముద్రజలమని తేలినచో ఆ ఇంజనును అట్లే విడిచి పండుగ వెళ్లిన పిదప చూతమనుట తగదు. త్రోవను మూసి, ఆయిలును ఫిల్టరును మార్చి, కొద్దిసేపు నడిపి, మరల మార్చి, తెల్లదనము పూర్తిగా తొలగువరకు ఇట్లే చేయవలెను. ఒక్కసారి మార్చినచో గొట్టములలోను కూలరులోను మిగిలినది క్రొత్త ఆయిలును సైతము చెరచును. తీసివేసిన ఆయిలును రేవు నీటిలో పారబోయక పీపాలో భద్రపరుపవలెను.

ఉదయమున ఇంజను త్రిప్పకమునుపే డిప్‌స్టిక్కును, నీటి తొట్టిని చూచి, ఆయిలు మట్టమును ఒక పుస్తకములో వ్రాసికొను అలవాటు ప్రతి బోటులోను ఉండవలెను. ఆయిలు తెల్లబడు దినమున ఆ వ్రాతయే మెకానిక్కునకు మొదటి ఆధారము: నీటి తొట్టిలో మట్టము ముందుగా తగ్గినదా, ఆయిలు మట్టము ముందుగా పెరిగినదా, ఆ మార్పు రాత్రి నిలిచినపుడు వచ్చినదా, పగటి నడకలో వచ్చినదా యని అది చెప్పును. నీరు వచ్చిన త్రోవ తెలియకుండ ఆయిలు మార్చినవాడు వ్యాధిని విడిచి లక్షణమును మాత్రము తుడిచినవాడగును. త్రోవ తెలిసికొని మూసినవాడు ఇంజనును, దానిని నమ్మి సముద్రము మీదికి పోవు మనుష్యులను కాపాడినవాడగును.